దూకడం తేలికే, రూం దొరకడమే కష్టం: సిక్కోలులో నాలుగు రోజులు

ఇప్పటికి 612 సార్లు విమానంలోంచి దూకాను. తలుపు తీయగానే కాళ్లు వణికిన రోజులున్నాయి. మెయిన్ పారాచూట్ మెలిపడితే దాన్ని వదిలించుకుని రిజర్వ్ అనే రెండో పారాచూట్ మీద దిగిన రోజు కూడా ఒకటుంది. కానీ మొన్న జనవరిలో, రాత్రి 11:20కి, శ్రీకాకుళంలో ఓ లాడ్జి కౌంటర్ ముందు పడినంత ఇబ్బంది ఎప్పుడూ పడలేదు. అదీ సొంత జిల్లాలో, ఇంటికొచ్చిన అతిథుల ముందు. లాడ్జి పేరు రాయను. మిగతాదంతా రాస్తాను.

మాది నరసన్నపేట దగ్గర పల్లె. మావైపు చాలామందిలాగే నేనూ గల్ఫ్‌కి పోయాను, రిగ్గర్ పనికి. మా పనిలో రిగ్గర్ అంటే క్రేన్‌కి బరువులు కట్టి ఎత్తించేవాడు. స్కైడైవింగ్‌లోనూ రిగ్గర్లు ఉంటారని, వాళ్లు రిజర్వ్ పారాచూట్ మడతపెట్టడానికి లైసెన్సున్న మనుషులని ఎవరో చెబితే, చూద్దామని ఓ శుక్రవారం వెళ్లాను. పన్నెండేళ్లయింది, ఇంకా తిరిగి రాలేదు. జీతంలో పొలం కొనాల్సిన వాటా గాలిలో కలిసిందని అమ్మ అంటుంది. నిజమే, రిగ్గు (రెండు పారాచూట్లతో వీపున కట్టుకునే సంచి) ఒక్కటే కొత్తదైతే ఆరేడు లక్షలు. నాది సెకండ్ హ్యాండ్, మూడు లక్షల పది వేలు.

నాతో వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకరు మా కోచ్, పోర్చుగల్ ఆవిడ, 58 ఏళ్లు, ముప్పై ఏళ్లుగా దూకుతోంది. రిగ్గర్ లైసెన్సు కూడా ఉంది. రెండోవాడు పుణే కుర్రాడు, 90 జంపులవాడు, మాటలు మాత్రం 900 జంపులవాడివి. ముగ్గురం థాయ్‌లాండ్‌లో నాలుగు రోజులు దూకాం. నేను 14 జంపులు వేశాను, వాతావరణం బాగుంది, అక్కడి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్క ఆఖరి జంప్ తప్ప. విమానం కాస్త ముందుకెళ్లాక దూకమని లైటు వేశారు, గాలి ఎదురైంది, కోచ్ డ్రాప్‌జోన్ (మేం దూకి దిగే మైదానం) దాకా రాలేక వరి మడిలో దిగింది. మనిషికి ఏమీ కాలేదు. పారాచూట్ మాత్రం బురద. మంచినీళ్లతో కడిగాం గానీ ఆరేలోపే ఫ్లైట్ టైమైంది. ఆ తడి గుడ్డని ప్లాస్టిక్ సంచిలో కుక్కుకుని కోల్‌కతా మీదుగా విశాఖ వచ్చాం.

వీళ్లని మా ఊరు ఎందుకు తెచ్చానో చెప్పాలి. డ్రాప్‌జోన్లలో ఒక పద్ధతి ఉంది. ఏ దేశం వెళ్లినా లాగ్‌బుక్, లైసెన్సు చూపిస్తే చాలు, సాయంత్రానికి ఎక్కడో ఒకచోట పడక దొరుకుతుంది. బంక్‌హౌస్‌లో అయితే మంచం, అది నిండితే పారాచూట్లు మడతపెట్టే చాప మీద స్లీపింగ్ బ్యాగ్. విమానం ఎక్కేముందు పక్కవాడి వీపు మీద రిగ్గుని మూసి ఉంచే క్లోజింగ్ పిన్ను సరిగ్గా ఉందో లేదో చూసిపెడతాం. వాడి పేరు తెలియక్కర్లేదు. పోర్చుగల్‌లో ఈ కోచ్ ఇంట్లోనే మూడు విడతల్లో మొత్తం 19 రాత్రులు పడుకున్నాను, ఒక్క యూరో తీసుకోలేదు. ఆ బాకీ తీర్చుకుందామని "మా వైపు రండి" అన్నాను. మా అక్క వాళ్లు శ్రీకాకుళంలో ఉంటారు. కానీ సంక్రాంతికొచ్చిన చుట్టాలు ఇంకా కదల్లేదు, ఇల్లు చిన్నది, పైగా విదేశీ మనిషి, సౌకర్యంగా ఉండాలి కదా అని నాకు నేనే తెలివితేటలు చూపించి యాప్‌లో లాడ్జి బుక్ చేశాను. రెండు రూములు, మూడు రాత్రులు, రోజుకి 1,870 చొప్పున 11,220 రూపాయలు ముందే కట్టేశాను.

దారిలో ఎయిర్‌పోర్టు సంగతి ఒకటి. రిగ్గుని ఎప్పుడూ చెక్-ఇన్‌లో వేయకండి, పోతే జీవితం పోయినట్టే. కేబిన్‌లో తెస్తే 7 కిలోల రూలు. నా రిగ్గు 10.8. ఎక్కువైన బరువుకి 2,400 కట్టాను. స్కానర్ దగ్గర ఓ జవాను "ఇందులో ఈ ఎలక్ట్రానిక్ డబ్బా ఏంటి" అని ఇరవై నిమిషాలు ఆపాడు. అది ఏఏడీ. మనిషి స్పృహ తప్పి 750 అడుగుల దాకా వచ్చినా ఇంకా రాయిలా పడుతూనే ఉంటే, రిజర్వ్‌ని మూసి ఉంచే లూప్‌ని అదే కోసేసి రిజర్వ్ తెరుస్తుంది. ఎక్స్-రేలో అది ఎలా కనిపిస్తుందో చూపించే కార్డు దానితోపాటే ఇస్తారు. ఆ కార్డు చూపించాక వదిలాడు, వదుల్తూ "జంప్‌కి ఎంతవుతుంది?" అని అడిగాడు. ఆ మనిషి మీద నాకు ఏ కోపమూ లేదు.

విశాఖ నుంచి టాక్సీ 3,800. భోగాపురం దగ్గర కొత్త ఎయిర్‌పోర్టు వైపు చీకట్లో చూపిస్తే ఇద్దరూ కిటికీకి అతుక్కుపోయారు. మావాళ్లకి రన్‌వే కనిపిస్తే చాలు, ఇక్కడ సెస్నా లాంటి చిన్న విమానం దిగుతుందా, సముద్రం గాలి ఎటు కొడుతుంది అని లెక్కలు మొదలు.

ఇక లాడ్జి.

కౌంటర్‌లో కుర్రాడు నా ఆధార్ తీసుకున్నాడు, పుణే కుర్రాడిది తీసుకున్నాడు, ఆవిడ పాస్‌పోర్ట్ చూసి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "ఫారినర్స్‌కి ఇవ్వం సార్." బుకింగ్ చూపించాను. "యాప్‌లో ఎవరికైనా బుక్ అవుద్ది సార్, మేం ఇవ్వం." విదేశీయులు దిగితే లాడ్జివాళ్లు 24 గంటల్లో వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో పంపాలి, దాన్నే ఫారం-సి అంటారు. దానికి వాళ్లకి లాగిన్ ఉండాలి. వీళ్లకి లేదు. లేకపోవడం తప్పు కాదు. లేదని యాప్‌లో ఒక్క ముక్క రాసుంటే నేను వేరేది చూసుకునేవాడిని.

మేనేజర్ని పిలిపించాను. లుంగీ కట్టుకుని, నిద్రమొహంతో వచ్చాడు. నన్ను పక్కకి తీసుకెళ్లి మెల్లగా, "ఇంకో వెయ్యి ఇవ్వండి, మేడమ్ పేరు రాయం, మీ ఇద్దరి పేర్ల మీదే రెండు రూములూ రాసేస్తాను, పొద్దున్న ఎనిమిదిలోగా బయటికి పంపెయ్యండి" అన్నాడు. అంటే ఆవిడని నా జిల్లాలో దొంగతనంగా దాచాలన్నమాట. కుదరదన్నాను. డబ్బు వెనక్కిమ్మంటే "మాకేం తెలుసు, యాప్ వాళ్లనడగండి." తడి పారాచూట్ సంచి చూసి "అందులో ఏటుంది, డ్రోనా? కంపు కొడతంది" అన్నాడు. కంపు మాట నిజం.

ఇదంతా జరుగుతున్నంతసేపూ కోచ్ సోఫాలో కూర్చుని, మాట అర్థం కాకపోయినా, సంగతి అర్థమై నవ్వుతోంది. పుణే కుర్రాడే "మన రిగ్గులు బయట పెట్టుకుని ఇక్కడే మెట్ల మీద పడుకుందాం, రేపు పేపర్లో వస్తుంది" అని ఉత్సాహం. వీడిని ఏదైనా గొడవకి తీసుకెళ్లకండి, పెంచుతాడు.

గత్యంతరం లేక బావకి ఫోన్ చేశాను. పావుగంటలో స్కూటర్ మీద వచ్చాడు, వెనక ఆటోని వెంటేసుకుని. ఇంటికెళ్లేసరికి పన్నెండు దాటింది. గుమ్మంలో అక్క. "ఏట్రా, ఇంట్లో చాపలు నేవేటి? లాడ్జిలో పడెయ్యడానికి తీసుకొచ్చీసినావా ఆవిడ్ని?" అని అందరి ముందూ దులిపేసింది. హాల్లో అప్పటికే ఆరుగురు పడుకుని ఉన్నారు. కోచ్ వాళ్ల మధ్య ఖాళీ చూసుకుని, రిగ్గు తలకింద పెట్టుకుని, రెండు నిమిషాల్లో గురక. ముప్పై ఏళ్లు హ్యాంగర్లలో పడుకున్న మనిషి. అసలు ఆవిడకి లాడ్జి కావాలని ఎవరన్నారు? నాకు నేనే అనుకున్నాను.

కాబట్టి సలహా: విదేశీ మిత్రుల్ని మావైపు తెచ్చేవాళ్లు డబ్బు కట్టేముందే లాడ్జికి ఫోన్ చేసి, "ఫారం-సి చేస్తారా" అని ఆ మాటతోనే అడగండి. "చూద్దాం సార్" అంటే లేదనే. అక్క ఉంటే ముందు అక్కనే అడగండి.

పొద్దున్నకి తడి పారాచూట్ సమస్య. దాన్ని ఎండలో వేయకూడదు, ఎండ నైలాన్‌ని తినేస్తుంది. నీడలో, గాలి ఆడేచోట వేలాడదీయాలి. ఆరాక మడతపెట్టడానికి గుడ్డా, తాళ్లూ, రిగ్గూ వరసగా పరిస్తే 15 అడుగులకి పైనే నేల కావాలి. అక్క వాళ్ల హాలు మనుషులు లేకుండానే 12 అడుగులు. మా బావ పొందూరులో టీచరు. "మా బడి పిల్లాడి తాత నేతగాడు, వాళ్ల పంచ పొడుగు" అన్నాడు. శ్రీకాకుళం నుంచి పొందూరు ఇరవై కిలోమీటర్లు, బావ స్నేహితుడి కారు, పెట్రోలు 500.

ఈ ప్రయాణంలో నాలుగు రోజుల్లో గుర్తుండేది ఆ ఒక్క పూటే. పాతకాలం పెంకుటిల్లు, లోపల గుంట మగ్గం, ముందు పడుగు సాచుకునేంత పొడుగైన పంచ. పెద్దాయనకి డెబ్భై దాటి ఉంటాయి. "రండి మాస్టారూ" అని బావని పిలిచి, మా సంచి వైపు చూశాడు. ఏం కావాలో చెప్పగానే వాసానికి తాడు కట్టి ఇచ్చాడు. కోచ్ గుడ్డని ఎండవైపు జరపబోతుంటే ఆయనే ముందు "నీడకే, నీడకే" అన్నాడు. నేను అనువాదం చేయక్కర్లేకపోయింది.

ఆరుతున్నంతసేపూ ఆయన దాని చుట్టూ తిరిగాడు. చివర పట్టుకుని వేళ్ల మధ్య రాశాడు. జారిపోయింది. "నూలు కాదిది" అన్నాడు. గుడ్డని మూతికి ఆనించి గట్టిగా ఊదాడు. గాలి పోలేదు. తన భుజం మీది ఖద్దరు కండువాని అలాగే ఆనించి ఊదితే అవతల నా అరచేతికి గాలి తగిలింది. "మా దాంట్లోంచి గాలి ఆడాల, మీ దాంట్లోంచి ఆడకూడదు. అంతే కదా బాబూ?" అన్నాడు. పన్నెండేళ్లలో నాకు పారాచూట్ గుడ్డని ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

తర్వాత వెలుతురుకి ఎత్తి చూసి, చిన్న చిన్న గడుల్ని గోటితో చూపించాడు. ఆ నైలాన్‌లో కొంచెం కొంచెం దూరంలో ఒక లావు పోగు అటూ ఇటూ వస్తుంది, దాన్ని రిప్‌స్టాప్ అంటారు. నేను చెప్పబోయేలోగా ఆయనే, "చిరుగు మొదలైనా ఈ లావు పోగు కాడ ఆగిపోతాది. పడుగులోనూ వేసినారు, పేకలోనూ వేసినారు. తెలివైనోడు నేసినాడు" అన్నాడు. కోచ్‌కి చెబితే రెండు చేతులూ జోడించింది. అప్పుడు ఆవిడకి వాలుగ చేప దవడ ఎముక చూపించారు. పొందూరు సన్న నూలు ఖద్దరుకి పత్తిని దాంతోనే ఏకుతారు, దువ్వెనలా ఉంటుంది దాని పళ్ల వరస. ఇంట్లో ఆవిడ రెండు గింజలు ఏకి చూపించింది. కోచ్ ప్రయత్నిస్తే గింజ ఎగిరి మగ్గం గుంటలో పడింది, ఇంటిల్లిపాదీ నవ్వారు.

మడతపెట్టేటప్పుడు పిల్లలు పోగయ్యారు. కొత్త గుడ్డలాగే జారుతుంది కదా, గాలంతా బయటికి పోవాలంటే మడతల మీద బోర్లా పడుకుని మెల్లగా నొక్కాలి. బావ శిష్యుడు, ఆరో తరగతి, "నేను పడుకుంటాను" అని ముందుకొచ్చాడు. కోచ్ వాడి చెప్పులు విప్పించి, జేబులో గోళీలు తీయించి, సరిగ్గా ఎక్కడ పడుకోవాలో చూపించింది. తాళ్ల గుంపులు సరిచూసి, తెరుచుకునే జోరు తగ్గించే గుడ్డముక్క, స్లయిడర్‌ని, పైకి నెట్టి, సంచిలోకి దూర్చి, పిన్ను పెట్టేదాకా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు. అక్కడ మాత్రం నవ్వు లేదు.

మధ్యాహ్నం చోడి (రాగి) అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ, మెత్తళ్ల వేపుడు పెట్టారు. పుణే కుర్రాడు రెండు చెంబులు తాగి పంచలోనే నిద్రపోయాడు. డబ్బివ్వబోతే పెద్దాయన తీసుకోలేదు. కోచ్ చొక్కా గుడ్డ రెండున్నర మీటర్లు కొంది, మీటరు 1,150 చొప్పున 2,875. బేరం ఆడకండి అని నేను చెప్పక్కర్లేదు, ఆ నూలు వడికేవాళ్లకి ఎంత మిగులుతుందో అడిగితే మీకే నోరు రాదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర అక్క అడగాల్సిన ప్రశ్న అడిగేసింది. "ఇలా దూకి ఎవరైనా పోయినారేటి, ఆవిడకి తెలిసినోళ్లు?" నేను కోచ్‌తో ఇంగ్లీషులో "భయం వేయదా అని అడుగుతోంది" అన్నాను. ఆవిడ అక్క మొహం చూసింది, నా మొహం చూసింది. రెండు చేతుల వేళ్లూ తెరిచి చూపించి, మూసి, ఇంకో వేలు ఎత్తింది. వేళ్లకి తెలుగు అక్కర్లేదు కదా. అక్క చేతిలో గరిటె ఆగిపోయింది. "పారాచూట్ తెరుచుకోకేటిరా?" తెరుచుకోక కాదక్కా, అది బాగానే తెరుచుకుంటుంది, నేలకి దగ్గరలో సరదాకి వేగంగా తిప్పబోయి పోయేవాళ్లే చాలామంది అన్నాను. అక్క ఏమీ అనలేదు. కోచ్ కంచంలో ఇంకో చెంచా నెయ్యి వేసింది. తర్వాత వంటింట్లో నాతో, "అమ్మకి ఈ లెక్క చెప్పకు" అంది.

మిగతావి త్వరగా. అరసవిల్లి ఆదివారం తప్ప ఎప్పుడైనా వెళ్లండి, ఆదివారం వెళ్తే లైన్లోనే సూర్యుడు నెత్తికొస్తాడు. మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులు ఉదయపు కిరణాలు విగ్రహం పాదాల మీద పడతాయి, అప్పుడు రద్దీ గురించి చెప్పనక్కర్లేదు. శ్రీకూర్మంలో నక్షత్ర తాబేళ్లని చూసి కోచ్ అరగంట కదల్లేదు. కళింగపట్నం బీచ్ బాగుంది, కానీ నీడ లేదు, కొబ్బరిబొండాం 50.

తీరంలో ఇంకోచోట (ఎక్కడో చెప్పను) బట్ట బ్యానర్ మీద పెద్దక్షరాలతో స్కైడైవింగ్ అని రాసి ఉంది. దగ్గరికెళ్తే పారామోటార్. వీపున ఫ్యాను కట్టుకుని ఎగిరేది వేరు, విమానంలోంచి దూకేది వేరు. ఐదు నిమిషాలకి 2,000 అడిగారు. పుణే కుర్రాడు కడతానన్నాడు. కోచ్ హార్నెస్ తిప్పి చూసింది, కాలి పట్టీ కుట్టు ఊడి ఉంది, హెల్మెట్‌కి గడ్డం కింద బకిల్ లేదు, ప్లాస్టిక్ తాడు ముడేశారు. రిజర్వ్ ఎప్పుడు మడతపెట్టారని అడిగితే "అది ఎప్పుడూ వాడలేదండి, కొత్తదే" అని గర్వంగా చెప్పాడు. మాకు అమెరికా రూలు ప్రకారం వాడినా వాడకపోయినా 180 రోజులకోసారి విప్పి మళ్లీ మడతపెట్టాలి. కోచ్ కుర్రాడి కాలర్ పట్టుకుని కారెక్కించింది. వాడు తేలినీలాపురం దాకా మూతి ముడుచుకునే ఉన్నాడు.

తేలినీలాపురం టెక్కలి దాటాక, నౌపడ ఉప్పు మడుల వైపు. సెప్టెంబరు నుంచి మార్చి దాకా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఊళ్లో చింతచెట్ల మీద కాపురం ఉంటాయి. పొద్దున్నే ఎనిమిదిలోపు వెళ్లాలి. చాలామంది ఫొటో తీసుకుని పదినిమిషాల్లో వెళ్లిపోతారు. మేం రెండు గంటలున్నాం, ఎందుకంటే మాకది పాఠం. గూడబాతు చెట్టు పక్కనుంచి గాలివాటున వెళ్లి, ఓ మలుపు తిరిగి, ఇంకో మలుపు తిరిగి గాలికి ఎదురొచ్చి, ఆఖరి క్షణంలో రెక్కలు వెనక్కి లాగి కాళ్లు ముందుకి చాపుతుంది. మేం దిగేది అచ్చం అలాగే. ఒక పిల్లకొంగ మలుపు ఆలస్యంగా తిరిగి కొమ్మ తప్పి కింది కొమ్మలో పడింది. కోచ్ పుణే కుర్రాడి వైపు తిరిగి, "నీ 43వ జంప్" అంది. వాడి మూతి అప్పుడు విడింది.

మా వాళ్లలో ఇంకో రూలుంది: ఏ పనైనా మొదటిసారి చేస్తే అందరికీ బీరు బాకీ. కోచ్‌కి శ్రీకాకుళంలో అన్నీ మొదటిసారే. చోడి అంబలి, పత్తి ఏకడం, స్కూటర్ మీద ముగ్గురు. అక్క ఇంట్లో బీరు అనే మాట కూడా కుదరదు కాబట్టి బాకీని మందస కోవాలోకి మార్చాం. రెండు కిలోలు, 900. బావ ఒక్కడే పావు తిన్నాడు.

ఆఖరి రోజు విజయనగరం మీదుగా విశాఖ. కోట, గంటస్తంభం చూశాం. బావ ఫోన్లో పైడితల్లి అమ్మవారి సిరిమాను వీడియో చూపించాడు. పొడుగాటి మాను చివర పూజారి కూర్చుని, కింద జనం అరటిపళ్లు విసురుతుంటే, ఆలయానికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతాడు. కోచ్ ఫోన్ దగ్గరికి తెచ్చుకుని చూసి, "ఈయనకి రిజర్వ్ ఏది?" అని అడిగింది. బావ తడుముకోకుండా "అమ్మవారే" అన్నాడు. దసరాకి మళ్లీ వస్తానంది. ఈసారి లాడ్జి వద్దని కూడా అంది.

యాప్‌వాళ్లు 23 రోజుల తర్వాత 11,220లో 1,870 కోసుకుని 9,350 వెనక్కి వేశారు. ఆ కోత ఎందుకని అడిగితే "నో-షో చార్జ్" అట, అంటే బుక్ చేసి రాలేదని. కౌంటర్ ముందు గంట నిలబడినవాడు నో-షో.

మొన్న కోచ్ పోర్చుగల్ నుంచి మెసేజ్ పెట్టింది. పొందూరులో మడతపెట్టిన పారాచూట్ మీదే దూకింది, మెత్తగా తెరుచుకుంది, దిగాక చూస్తే స్లయిడర్ రింగులో చిన్న పత్తి పింజె ఇరుక్కుని ఉంది. ఫొటో కూడా పంపింది. బావ ద్వారా పెద్దాయనకి ఫోన్ కలిపి చెప్పాను. ఓ క్షణం ఆగి, "అక్కడ ఎండలో ఆరెయ్యటం నేదు కదా బాబూ?" అన్నాడు.